తక్కువ ఖర్చుతో ఫ్లై ఎరలు కట్టుకోవడం: విశాఖలో దొరికే సామాను సరిపోతుంది

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మధురవాడలో ఉంటున్న మీ చేతికి ఒక పాత ఫ్లై రాడ్ వచ్చింది. ఫ్లై అంటే గాలానికి ఈకలు, వెంట్రుకలు, పోగులు దారంతో కట్టి, చేప తినే పురుగులానో చిన్న చేపలానో కనిపించేలా చేసే నకిలీ ఎర; దాన్ని విసిరే కర్ర ఫ్లై రాడ్. విదేశాల నుంచి తెప్పించే ఫ్లైలు కొనడం భారంగా ఉంది, వాటిని కట్టుకునే కిట్టు ధర అంతకన్నా భారంగా కనిపిస్తోంది. రుషికొండ రాళ్ల దగ్గర, భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, సెలవు దొరికినప్పుడు తాటిపూడి జలాశయం వైపు వాడుకోదగ్గ ఫ్లైలను ఊళ్లో దొరికే వస్తువులతో కట్టవచ్చా, కడితే ఏ పనిముట్లు కొనాలి, దేనితో మొదలుపెట్టాలి అన్నారు. తప్పకుండా కట్టవచ్చు. గాలాల మీద మాత్రం డబ్బు పెట్టండి. మిగతాదంతా కుట్టుసామాను దుకాణంలో, చికెన్ షాపులో, మోటార్ వైండింగ్ చేసేవారి దగ్గర, ఫిషింగ్ హార్బర్ చుట్టూ ఉన్న వలల దుకాణాల్లో దొరుకుతుంది.

సామాను కన్నా ముందు ఒక విషయం తేల్చుకోవాలి. వీడియోల్లో కనబడే సామాను జాబితాలు చాలావరకు చల్లని నీటిలో బతికే ట్రౌట్ చేప కోసం తయారైనవి. అది నీటి మీద వాలే చిన్న పురుగులను ఏరుకుని తింటుంది కాబట్టి అక్కడ సన్నని ఈకలు, ఖరీదైన పుంజుల మెడ తోళ్లు అవసరమయ్యాయి. మన తీరంలో పార, పండుగప్ప వంటి వేటచేపలు వెంటాడేది నెత్తళ్లను, కవళ్ల పిల్లలను, రొయ్య పిల్లలను. కాబట్టి జాబితా పట్టుకుని బజారుకు వెళ్లే ముందు ఒక ఉదయం హార్బర్‌కు వెళ్లి గుప్పెడు నెత్తళ్లు కొని, ఒకదాన్ని గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో వేసి వెలుతురుకు పట్టి చూడండి. ఒళ్లంతా దాదాపు పారదర్శకంగా, పక్కన మాత్రం తల నుంచి తోక దాకా ఒక వెండి చారగా కనిపిస్తుంది. శరీరంతో పోలిస్తే కన్ను పెద్దది. పొడవు స్కేలుతో కొలిచి రాసుకోండి. మీరు కట్టాల్సింది ఈ మూడే: పలుచని ఒళ్లు, వెండి చార, పెద్ద కన్ను. ఈ మూడూ కుదిరిన ఫ్లై నలుగురికి చూపించడానికి అందంగా లేకపోయినా నీటిలో పని చేస్తుంది.

ఇక గాలం సంగతి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది: 12 చిన్నది, 2 పెద్దది. 1 దాటాక 1/0, 2/0 అని సున్నాతో రాసే వరసలో మాత్రం నంబరుతోపాటు గాలం కూడా పెరుగుతుంది. సముద్రం ఒడ్డుకు 2 నుంచి 1/0 వరకు, మంచినీటిలో తిలాపియాకు 10 లేదా 12, కొర్రమీనుకు 2/0 తీసుకుంటే చాలు. వలల దుకాణాల్లో నార్వేకు చెందిన ముస్తాద్ గాలాలు అడగండి. ఆ కంపెనీ 1877 నుంచి గాలాలు చేస్తోంది. గాలం నిటారు భాగమైన కాడ చివర, తాడు దూర్చడానికి గుండ్రని కన్ను ఉన్న రకమే కావాలి. కన్ను లేకుండా చివర చదునుగా కొట్టిన రకం తాళ్లకు గాలాలు కట్టి చేసే వేటకు బాగుంటుంది గాని ఫ్లైకి పనికిరాదు. ఉప్పునీటికి తగరపు పూత వేసినవి గాని స్టెయిన్‌లెస్ స్టీలువి గాని తీసుకోండి, గోధుమ రంగు పూత ఉన్నవి మంచినీటికి ఉంచుకోండి. మొనను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరిపి చూస్తే, జారిపోయేది మొద్దు, గోరుకు పట్టుకునేది పదును. పట్టుకారుతో వంపును కొద్దిగా తెరిచి వదిలినప్పుడు గాలం తిరిగి యథాస్థితికి రావాలి. తెరుచుకునే ఉండిపోతే మెత్తన, పుటుక్కున విరిగితే పెళుసు. ఈ రెండు రకాలనూ దుకాణంలోనే వదిలేసి రండి, ఎందుకంటే గంటసేపు శ్రద్ధగా కట్టిన ఫ్లై ఒక చెడ్డ గాలం మీద ఉంటే ఆ శ్రమకు అర్థం ఉండదు. కట్టడానికి ముందే గాలం ముల్లును, అంటే మొనకు కాస్త వెనక ఎదురు తిరిగి ఉండే చిన్న కొక్కేన్ని, పట్టుకారుతో నొక్కేయండి. చేప నోటి నుంచి, అవసరమైతే మీ చెవి నుంచి కూడా, అది సులభంగా బయటికి వస్తుంది. చేపను లాగే తాడు బిగువుగా ఉంచినంతసేపూ చేప సాధారణంగా జారిపోదు.

రెండవది దారం. చొక్కాలు కుట్టే నూలు దారం లావుగా ఉంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఎంబ్రాయిడరీ మిషన్లకు వాడే సన్నని పాలియెస్టర్ దారం తెలుపు, నలుపు రంగుల్లో ఒక్కో రీలు తెచ్చుకోండి; పూర్ణా మార్కెట్ పరిసరాల్లో కుట్టుసామాను అమ్మేవారి దగ్గర దొరుకుతుంది. దానిని తేనెమైనం ముక్క మీదుగా రెండుసార్లు లాగితే నున్నని గాలం కాడ మీద జారకుండా పట్టు వస్తుంది. ఫ్లై కట్టడంలో నేర్చుకోవలసిన అసలైన విద్య ఈ దారపు బిగువే. మల్లెమాల కట్టేవారి వేళ్లకు తెలిసిన విషయం ఇదే: వదులైతే పువ్వు రాలిపోతుంది, మరీ బిగిస్తే తొడిమ తెగిపోతుంది. కాబట్టి మొదటి సాయంత్రం ఈక గాని వెంట్రుక గాని ముట్టుకోకుండా, ఉట్టి గాలం మీద దారం చుడుతూ, అది ఎంత లాగితే తెగుతుందో కావాలనే తెంపి తెంపి చూడండి. తెగే బలానికి కాస్త ఇవతల ఆగడం వేళ్లకు అలవాటయ్యాక మిగతా పని అంతా వేగంగా వస్తుంది. కొత్తవారి ఫ్లైలు రెండు మూడు విసుర్లకే విడిపోవడానికి కారణం ఎక్కువగా సామాను చవకదనం కాదు, వదులు చుట్లు.

పనిముట్లలో ముఖ్యమైనది గాలాన్ని కదలకుండా పట్టే వైస్. కంసాలి పనిముట్లు అమ్మే దుకాణాల్లో దొరికే చేతి వైస్‌ను గాని, బిగించి వదిలేసే గ్రిప్ ప్లయర్‌ను గాని సి-క్లాంపుతో బల్ల అంచుకు బిగిస్తే ఖరీదైన వైస్ చేసే పనిలో చాలా భాగం జరిగిపోతుంది. గాలం వంపును మాత్రమే దవడల్లో పట్టించి, మొనను బయటే ఉంచండి. మొనను దవడల మధ్య నలిపితే పదును పోతుంది. దారపు రీలును పట్టే బాబిన్ కోసం సైకిల్ చువ్వను పట్టుకారుతో యు ఆకారంలో వంచి, రెండు కొనలనూ రీలు రంధ్రాల్లోకి దూర్చి, వంపు దగ్గర పాత ఇయర్ బడ్ ప్లాస్టిక్ బోలు కాడను జిగురుతోనూ దారంతోనూ కట్టండి. దారం ఆ కాడ గుండా బయటికి వస్తుంది. కాడ చివరను అగ్గిపుల్ల మంటకు ఒక్క క్షణం చూపిస్తే అంచు గుండ్రంగా మారి దారాన్ని కోయదు. చాలామంది సలహా ఇచ్చే ఇంజెక్షన్ సూది గొట్టం మాత్రం వద్దు, దాని అంచు దారాన్ని నెమ్మదిగా కోస్తూ ఉంటుంది. ఈకను పట్టి చుట్టడానికి ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే మొసలి క్లిప్పు కొని పళ్ల మీద రబ్బరు స్లీవు తొడగండి. చివరి ముడులు వేయడానికి రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ను చాలు: గొట్టం మీద దారాన్ని ఒక మెలిక వేసి, గొట్టం నోటిని గాలం కన్ను మీద ఆనించి, మెలికను కాడ మీదికి జార్చి బిగించాలి. ఇలా నాలుగు ముడులు వేసి పైన రంగులేని గోళ్ల పాలిష్ ఒక చుక్క పెడితే ముడి ఊడదు. కత్తెర విషయంలో మాత్రం పొదుపు చూడకండి. మొన దగ్గర కూడా బాగా తెగే చిన్న ఎంబ్రాయిడరీ కత్తెర కొనండి, దానితో తీగలు కోయవద్దు.

ఈకల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనకు అదృష్టం ఉంది. బ్రాయిలర్ కోడి ఆరు వారాల ప్రాయంలోనే కోతకు పోతుంది కనుక దానికి మెడ ఈకలు ఎదగవు. దాని తెల్లని మెత్తటి నూగు మాత్రం తోకలకు పనికొస్తుంది. చుట్టడానికి కావలసిన సన్నని, పొడవాటి, మెరిసే ఈక ముదిరిన నాటు పుంజు మెడ మీద, నడుము నుంచి తోక పక్కలకు వాలే చోట ఉంటుంది. నాటుకోళ్లు అమ్మే వారితో ముందురోజే చెప్పి ఉంచితే పడేసే మెడ తోలు మీకు తీసిపెడతారు. పందెం పుంజుల రంగులకు మన పల్లెల్లో ఉన్న పేర్లతోనే అడగండి: నలుపుకు కాకి, తెలుపుకు సేతువ, ఎరుపుకు డేగ. ఈ మూడింటితో దాదాపు అన్ని ఫ్లైలూ కట్టవచ్చు. తెచ్చిన ఈకలను గోరువెచ్చని నీటిలో షాంపూతో కడిగి, నీడలో పేపరు మీద పరిచి ఆరబెట్టాలి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కనుక పైకి ఆరినట్లు కనిపించినా మరో రోజు ఉంచండి, లేకపోతే బూజు పడుతుంది. తర్వాత గాలి చొరని సంచిలో పెట్టి వారం పాటు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పేలు, పురుగులు చాలావరకు చస్తాయి. ఆపైన కలరా ఉండలు వేసిన డబ్బాలో దాచుకోండి. సేతువ ఈకలకు రంగు కావాలంటే వంటల్లో వాడే రంగును వేడినీటిలో కలిపి కొద్దిగా వెనిగర్ పోసి నానబెట్టండి. నీరు మరగకూడదు. ఈక కూడా ఉన్నిలాగే ప్రొటీన్ కాబట్టి ఆ రంగు పట్టుకుంటుంది. పసుపు కూడా పడుతుంది గాని ఎండకు వెలిసిపోతుంది.

నెమలి ఈకలు, కొంగ ఈకలు, పాలపిట్ట ఈకలు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పక్షులకు రక్షణ కల్పించింది. మీ చేతిలోని ఈక రాలినదో చంపి తీసినదో ఎవరూ తేల్చలేరు. నాటు పుంజు ఈకతో కాని పని వాటితోనూ కాదు.

పొడవాటి పోగుల కోసం విదేశీ జాబితాల్లో జింక తోక వెంట్రుకలు ఉంటాయి. వాటికి బదులుగా మేక వెంట్రుకలు చక్కగా సరిపోతాయి. మాంసం కొట్టులో అడిగి తెచ్చి కడుక్కోవాలి. సవరాలు అమ్మేవారి దగ్గరి సింథటిక్ జుట్టు నలుపు, ముదురు గోధుమ రంగులకు బాగుంటుంది. హార్బర్‌లో పారేసిన తాళ్ల ముక్కలు అన్నిటికన్నా చవక, అయితే ఏ తాడు దేనితో చేసినదో తెలుసుకుని వాడాలి. ఒక పోగు కత్తిరించి గ్లాసు నీటిలో ముంచి, వేళ్లతో నలిపి గాలి బుడగలు తీసేసి వదలండి. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక కనుక పైకి తేలుతుంది, నైలాన్ మునుగుతుంది, పాలియెస్టర్ ఇంకా త్వరగా మునుగుతుంది. నీటి పైపొరలో ఈదించే ఫ్లైకి మొదటిది, లోతుకు దిగాల్సిన దానికి తక్కిన రెండూ. తాడును విప్పి పాత దువ్వెనతో దువ్వితే మెత్తటి పోగులు వస్తాయి. ఏ పోగునైనా పొడిగా చూసి నిర్ణయించవద్దు. తడిపి చూస్తే సగానికి సగం సన్నబడుతుంది, నీటిలో చేపకు కనిపించేది ఆ సన్నని రూపమే.

మెరుపుకు జరీ దారాన్ని మించినది లేదు. మగ్గం పని సామాను అమ్మేచోట వెండి, బంగారు రంగుల్లో దొరుకుతుంది, చిన్న రీలు ఏళ్ల తరబడి వస్తుంది. బరువుకు, కళ్లకు కీచైన్లలో ఉండే స్టీలు గుళ్ల గొలుసును రెండేసి గుళ్లుగా కత్తిరించి వాడండి. ఇంకా బరువు కావాలంటే వలలకు వేసే సీసం గుండ్లు ఉన్నాయి గాని, సీసం ముట్టుకున్నాక చేతులు కడగకుండా ఏదీ తినవద్దు, పిల్లలకు అందనివ్వవద్దు. మోటార్ వైండింగ్ దుకాణంలో మిగిలిన సన్నని రాగి తీగ అడిగి తెచ్చుకోండి. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో ఏవన్ నది సంరక్షకుడిగా పని చేసిన ఫ్రాంక్ సాయర్ నీటి అడుగున ఉండే పురుగు పిల్లను పోలిన తన ప్రసిద్ధ నింఫ్ ఫ్లైని అసలు దారమే లేకుండా, రాగి తీగతోనూ కోడి జాతికి చెందిన ఫెజంట్ పక్షి తోక పోగులతోనూ కట్టాడు; తీగే కట్టుగా, తీగే బరువుగా పని చేసింది. డేగ పుంజు ఈక పోగులతో అదే పద్ధతిలో 12వ నంబరు గాలం మీద కడితే తిలాపియాకు పనికొస్తుంది.

మొదట కట్టవలసిన నమూనా క్లౌజర్ మిన్నో. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీద బాస్ చేపల కోసం బాబ్ క్లౌజర్ 1987లో దీన్ని రూపొందించాడు. మన నెత్తళ్లకు ఇంతకన్నా దగ్గరి పోలిక ఉన్న సులభమైన ఫ్లై నాకు తెలియదు. 1/0 గాలం కాడ మీద కన్ను వెనక నుంచి వంపు మొదలయ్యే దాకా దారం దగ్గరదగ్గరగా చుట్టండి. కన్ను నుంచి కాడ పొడవులో మూడో వంతు వెనకకు, కాడ పైభాగంలో, గుళ్ల జతను అడ్డంగా ఉంచి ముందు ఎనిమిది అంకె ఆకారంలో, తర్వాత గుళ్లకూ కాడకూ మధ్య చుట్టూ గట్టిగా దారం వేసి, ఫెవిక్విక్ ఒక చుక్క వదలండి. ఈ బరువు కాడ పైన ఉండడం వల్లనే నీటిలో గాలం తిరగబడి మొన పైకి వస్తుంది, రుషికొండ రాళ్ల మధ్య తగులుకోవడం బాగా తగ్గుతుంది. ఇప్పుడు కాడ పొడవుకు మూడింతలుండే తెల్లని పోగులను అగ్గిపుల్ల లావుకన్నా తక్కువగా తీసుకుని, గుళ్లకు ముందు కట్టి, వాటి మధ్యగా వెనకకు లాగి, గుళ్ల వెనక మరో కట్టు వేయండి. ఇది పొట్ట భాగం. గాలాన్ని వైస్‌లో తిరగేసి, మొన ఉన్న వైపు, గుళ్లకు ముందే, ఒక్కో పక్క నాలుగు వెండి జరీ పోగులు, వాటి పైన లేత గోధుమ రంగు పోగులు అంతే పలుచగా కట్టండి. తల దగ్గర దారంతో చిన్న కోనుగా ముగించి, ముడులు వేసి, గోళ్ల పాలిష్ రెండు పూతలు పూయండి.

ఇందులో అందరికీ చెప్పాల్సి వచ్చే మాట ఒక్కటే: పోగులు తగ్గించండి. వైస్‌లో నిండుగా, బొద్దుగా కనబడే ఫ్లై నీటిని పట్టుకుని నెమ్మదిగా మునుగుతుంది, ఈదేటప్పుడు కర్రముక్కలా కదులుతుంది. వెనకనున్న గోడ పోగుల గుండా కనిపించేంత పలుచగా ఉంటేనే అది గ్లాసులో మీరు చూసిన నెత్తల్లులా ఉంటుంది. కట్టాక బకెట్‌లో నీళ్లు పోసి ఈదించి చూడండి. పక్కకు ఒరిగితే గుళ్లు కాడకు సరిగ్గా అడ్డంగా లేవని అర్థం, తర్వాతి ఫ్లైలో జిగురు వేయక ముందే సరిచూసుకోవాలి. వర్షాలకు గోస్తనీ నీరు ఎర్రబడినప్పుడు లేత రంగులు కనిపించవు కాబట్టి అదే ఫ్లైని నల్లని సవరపు జుట్టుతో గాని నారింజ రంగుతో గాని కట్టుకోవాలి.

రెండవది వూలీ బగ్గర్. ఇది కూడా పెన్సిల్వేనియాదే, 1967లో రసెల్ బ్లెసింగ్ కట్టాడు. తోకకు బ్రాయిలర్ నూగు, ఒంటికి స్వెటర్లు అల్లే ఊలు దారం, దాని మీద వెనక నుంచి ముందుకు విశాలంగా చుట్టిన కాకి పుంజు మెడ ఈక, ఆ ఈకను కాపాడడానికి దానికి ఎదురు దిశలో చుట్టిన రాగి తీగ, అంతే. ఈక పోగుల పొడవు గాలం నోటి వెడల్పుకు, అంటే మొనకూ కాడకూ మధ్య దూరానికి, ఒకటిన్నర రెట్లు ఉంటే బాగుంటుంది. ఇది మంచినీటిలో తూనీగ పిల్లలా, ఉప్పునీటిలో లేత రంగులో కడితే రొయ్య పిల్లలా కనిపిస్తుంది.

కొర్రమీనుకు నీటి మీద తేలే కప్ప కావాలి. స్టేషనరీ దుకాణంలో దొరికే ఫోమ్ షీటును వేలెడు వెడల్పు పట్టీగా కత్తిరించి, 2/0 గాలం వీపు మీదుగా మడిచి రెండు చోట్ల కట్టి, ముందు అంచును పెదవిలా నిలబడనివ్వండి. లాగినప్పుడు అదే నీటిని చిమ్ముతుంది. నాచులో తగులుకోకుండా, మొన ముందు గట్టి నైలాన్ తీగ ఒక వంపు కట్టాలి. ఎర్రని పిల్లల గుంపుతో తిరుగుతున్న కొర్రమీనును మాత్రం వదిలేయండి, కాపలా చేప పోతే ఆ పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి.

బరువు ఎంత కట్టాలన్నది గాలి చెబుతుంది. మన తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, కాబట్టి తేలికైన ఫ్లై కూడా దూరం వెళుతుంది. ఎండ ఎక్కాక సముద్రపు గాలి ఎదురు తిరిగి ఫ్లైని మీ ముఖం మీదికే తోస్తుంది. గుళ్లు కట్టిన ఫ్లై విసిరేటప్పుడు కళ్లద్దాలు, టోపీ లేకుండా ఎప్పుడూ నిలబడవద్దు. జలాశయాల్లో చేపల హక్కులు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకు ఉంటాయి కనుక తాటిపూడికి వెళ్లే ముందు మత్స్య శాఖ కార్యాలయంలో, అక్కడి సంఘం వారి దగ్గర అనుమతి అడగండి. కొండకర్ల ఆవ సరస్సులో పక్షులకు రక్షణ ఉంది, అక్కడికి గాలం తీసుకెళ్లే ఆలోచన వద్దు.

సముద్రం నుంచి వచ్చిన రోజే వాడిన ఫ్లైలన్నిటినీ మంచినీటిలో ఊపి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. తడిది ఒక్కటి పెట్టినా దాని ఉప్పు తేమ పక్కనున్న గాలాలన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. తుప్పు మొన దాకా వచ్చిన గాలాన్ని ఆకురాయితో బాగు చేయాలని చూడకుండా, బ్లేడుతో దారం కోసి గుళ్ల జతను, జరీని తీసుకుని కొత్త గాలం మీద మళ్లీ కట్టుకోండి. ముందుగా 1/0 గాలాలు ఒక ప్యాకెట్ తెచ్చి అన్నిటి మీదా క్లౌజరే కట్టండి. చివర కట్టిన రెండు మూడింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు గుళ్ల స్థానం, పోగుల పలుచదనం ఒకేలా ఉంటే అప్పుడు వూలీ బగ్గర్‌కు ఊలు దారం కొనండి.